నత్త శిలాజాన్ని పగలకుండా రాతిలోంచి ఎలా తీయాలి?

నత్త శిలాజం అనగానే చాలామంది జురాసిక్ అమ్మోనైట్ల కోసం బయల్దేరతారు. మహబూబ్‌నగర్‌లో గానీ నల్లగొండలో గానీ అమ్మోనైట్లు దొరకవు. ఈ సంగతి ముందే తెలిస్తే చాలామందికి ఒక ఎండాకాలం మిగులుతుంది. అమ్మోనైట్లు అంటే చుట్ట తిరిగిన గుల్లతో సముద్రంలో బతికి, అంతరించిపోయిన జీవులు. జురాసిక్ కాలం అంటే సుమారు 20 కోట్ల ఏళ్ళ కిందటి నుంచి 14.5 కోట్ల ఏళ్ళ కిందటి దాకా. ఆ కాలపు అమ్మోనైట్లు చూడాలంటే గుజరాత్‌లోని కచ్ఛ్‌కో, రాజస్థాన్‌లోని జైసల్మేర్‌కో, హిమాలయాల్లో స్పితికో పోవాలి. గండకీ నదిలో దొరికే సాలగ్రామాల్లో చక్రం గుర్తు ఉన్నవి చాలావరకు అమ్మోనైట్లే. తెలుగు నేల మీద కోస్తా ఆంధ్రలోని బూదవాడ దగ్గర అమ్మోనైట్లు దొరికాయి గానీ అవి జురాసిక్ తర్వాత వచ్చిన క్రెటేషియస్ కాలానివి.

తెలంగాణలో జురాసిక్ రాళ్ళే లేవా అంటే ఉన్నాయి. ప్రాణహిత, గోదావరి లోయలో కోటా పొరలు ఉన్నాయి. హైదరాబాద్‌లో బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ డైనోసార్ ఆ పొరల్లోంచి వచ్చిందే. కానీ అవి నదులు, చెరువులు పరిచిన పొరలు. చేపలు ఉంటాయి, డైనోసార్లు ఉంటాయి, సముద్రపు జీవి ఉండదు.

మన దక్షిణ తెలంగాణ జిల్లాల్లో ఎక్కువ భాగం గ్రానైట్, నీస్ రాళ్ళు. వాటి వయసు 250 కోట్ల ఏళ్ళ పైమాటే. భూమి లోతుల్లో కరిగి గడ్డకట్టిన రాయిలో గుల్ల ఎట్లా ఉంటుంది? మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వే సున్నపురాయి, తాండూరు నాపరాయి నీళ్ళలో పేరుకున్నవే. అయితే అవి గుల్ల ఉన్న జీవులు పుట్టకముందు కాలానివి. నాపరాయి మీద చెట్టు కొమ్మలు గీసినట్టు నల్లగా కనిపించేది మొక్క శిలాజం కాదు, నెర్రెల్లోకి దిగిన మాంగనీసు మరక. అమ్రాబాద్ వైపు రాతి మీద వరసగా కనిపించే అలలు ఏ జంతువు పక్కటెముకలూ కావు, అప్పటి ఇసుక మీద నీళ్ళు వేసిన అలల గుర్తులు. నల్లరాయి పొరలు పొరలుగా ఊడి గుండ్లుగా మిగిలితే అది డైనోసార్ గుడ్డూ కాదు. నల్లరాయి ఎండకూ వానకూ అట్లాగే అరుగుతుంది. ఈ మూడింటి ఫొటోలు ఫోన్‌కు వచ్చినప్పుడల్లా ఇదే జవాబు చెప్పీ చెప్పీ అలసిపోయాను.

ఇక మనకు దగ్గర్లో నిజంగా దొరికేది ఏమిటి? పరిగి, వికారాబాద్ వైపు వెళ్ళేకొద్దీ చెల్కలు తగ్గి నల్లరేగడి వస్తుంది. అక్కడి నుంచి దక్కన్ లావా రాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కింద లావా విడతలు విడతలుగా పారింది. ఒక విడతకూ ఇంకో విడతకూ మధ్య చాలా కాలం గడిచింది. ఆ మధ్యలో గుంటల్లో నీళ్ళు నిలిచాయి, చెరువులయ్యాయి, నత్తలు పెరిగాయి, మళ్ళీ లావా వచ్చి కప్పేసింది. రెండు లావా పొరల నడుమ చిక్కిన ఆ చెరువు మట్టిలోనే మన నత్తలు ఉన్నాయి. సముద్రంలో అమ్మోనైట్లు అంతరించిపోయింది కూడా ఇంచుమించు ఆ కాలంలోనే. కాబట్టి అమ్మోనైట్ దొరకలేదని బాధపడాల్సిన పని లేదు. ఆ జాతి ముగిసిన రోజుల నాటి మంచినీటి నత్త మన జిల్లా పక్కనే ఉంది.

వీటిలో పెద్దది, అందమైనది ఫైసా ప్రిన్సెపీ. మాల్కమ్‌సన్ అనే డాక్టరు దక్కన్ రాళ్ళ మీద రాసిన వ్యాసంలో భాగంగా సోవర్బీ అనే శాస్త్రజ్ఞుడు 1840లో దీనికి పేరు పెట్టాడు. ఇప్పుడు శాస్త్రజ్ఞులు ప్లాటిఫైసా అంటున్నారు. దీన్ని గుర్తుపట్టడానికి ఒక్క లక్షణం చాలు. మొన పైకి ఉండేలా, నోరు మీ వైపు ఉండేలా పట్టుకోండి. నోరు మీ ఎడమ చేతి వైపు ఉంటుంది. చాలా నత్తలకు కుడి వైపు ఉంటుంది. మనం దక్షిణావర్త శంఖం అని అపురూపంగా దాచుకునేది కూడా ఇట్లా ఎడమకు తిరిగినదే. శంఖాన్ని మొన కిందికి పట్టుకుంటాం కాబట్టి కుడి అనిపిస్తుంది. శంఖాల్లో అది అరుదు, ఫైసాలో మాత్రం అదే మామూలు. దీంతోపాటు గుండ్రటి వివిపారస్, సన్నగా పొడుగ్గా ఉండే లిమ్నియా, చిన్న చిన్న వాల్వాటాలు, మంచినీటి ఆల్చిప్పలు, కారా అనే నీటి మొక్క గింజలు కూడా దొరుకుతాయి.

ఏం తీసుకెళ్ళాలి

కిలోకు మించని సుత్తె, అరంగుళం ఉలి ఒకటి, పావంగుళం ఉలి ఒకటి, కళ్ళకు అద్దాలు, పాత పేపర్లు, గోనె సంచి, నీళ్ళ సీసా, మెత్తటి బ్రష్, పెన్సిలు, కాయితం ముక్కలు, పది రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం. పెద్ద సమ్మెట వద్దు. సమ్మెట తెచ్చినవాడు రాయి పగలగొట్టడానికి వచ్చాడు, శిలాజం కోసం కాదు. గడ్డపార కూడా వద్దు, దాంతో లేపబోతే ఏం జరుగుతుందో కింద చెప్తాను. కళ్ళద్దాలు మాత్రం మర్చిపోవద్దు. చెకుముకి రాయి పెచ్చు కంట్లో పడితే హాస్పిటల్ దాకా పోవాలి.

ఎక్కడ, ఎప్పుడు వెతకాలి

జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వారి భూకోశ్ పోర్టల్‌లో జిల్లా రాళ్ళ మ్యాపు చూడొచ్చు. బసాల్ట్, అంటే లావా గడ్డకట్టిన నల్లరాయి, అని గుర్తు ఉన్న చోటే మన పని. కంది, పత్తి తీసేశాక ఫిబ్రవరి, మార్చి నెలల్లో పోవాలి. వానాకాలంలో రేగడి కాళ్ళకు పట్టుకుంటుంది, పైగా పైరు మీద నడిచినట్టవుతుంది. పొద్దున్నే, ఎండ ఏటవాలుగా పడేటప్పుడు చూడాలి. మధ్యాహ్నం ఎండలో రాతి మీది గీతలు కనిపించవు.

చేను ఎవరిదో కనుక్కుని, ముందు వాళ్ళను అడగాలి. "పటేలా, నత్తగుల్లల రాళ్ళు చూస్తం, గెట్టు కదిలియ్యం" అని చెప్పండి. చాలామంది వాళ్ళే వచ్చి చూపిస్తారు. బావి తవ్వినప్పుడు ఏ లోతులో తెల్లమట్టి వచ్చిందో రైతు కన్నా బాగా ఎవరికీ తెలియదు. ఆ కబురు మ్యాపులో ఉండదు.

చూడాల్సినవి గెట్ల మీద పోసిన రాళ్ళ కుప్పలు, బావి తవ్వి పక్కన పోసిన మట్టి, వాగు కోసిన ఒడ్డు. నల్లరాయి మధ్యలో తెల్లగానో బూడిద రంగులోనో పసుప్పచ్చగానో వేరే రాయి కనిపిస్తే ఆగండి. అది గట్టిగా, నున్నగా, అంచు పదునుగా ఉంటే చెకుముకి రాయి. గోటితో గీస్తే పొడి రాలితే సుద్దమట్టి. కత్తితో గీకిన పొడి మీద నిమ్మరసం వేస్తే బుడగలు వచ్చాయంటే సున్నం ఉన్నట్టు. ఏ రాయో తేల్చకుండా సుత్తె ఎత్తొద్దు. తీసే పద్ధతి మొత్తం రాయిని బట్టే ఉంటుంది.

రాళ్ళ కుప్పలో చేయి పెట్టే ముందు కర్రతో కదపండి, తేళ్ళు ఉంటాయి. పాడుబడ్డ బావిలోకి దిగొద్దు. అనంతగిరి అడవిలో, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో రాయి కూడా తీయకూడదు. రిజర్వు అడవిలో అది నేరం. వికారాబాద్ చుట్టూ ఎత్తుగా కనిపించే ఎర్రటి లేటరైట్ గుట్టల మీద నత్తలు దొరకవు కూడా, ఎక్కడం వృథా.

తీయడం: అందరూ చెడగొట్టేది ఇక్కడే

వీడియోల్లో చూసే ఉంటారు. గుండ్రటి రాయి చేతిలో పెట్టుకుని, మధ్యలో ఒక్క దెబ్బ వేస్తే రెండు చెక్కలుగా విడిపోయి లోపల చక్కటి చుట్ట బయటపడుతుంది. అది సముద్రపు పొరల్లో కొన్ని చోట్ల జరిగే సంగతి. అక్కడ శిలాజం చుట్టూ సున్నపు గడ్డ పేరుకుంటుంది, ఆ గడ్డకు శిలాజం ఉన్న మేరే బలహీనం, దెబ్బ అటే పోతుంది. ఆ వీడియో చూసి వచ్చి మన చెకుముకి రాయిని మధ్యలో కొడితే రాయితోపాటు నత్త కూడా అడ్డంగా తెగుతుంది. ఎన్ని మంచి ఫైసాలు ఇట్లా రెండు ముక్కలై గెట్టు మీద పడి ఉన్నాయో చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

కారణం ఏమిటంటే, చెరువు నీళ్ళలోకి చుట్టూ ఉన్న లావా నుంచి సిలికా, అంటే చెకుముకి రాయిలో ఉండే పదార్థం, కరిగి వచ్చింది. ఆ సిలికా మట్టిలోకీ గుల్లలోకీ, గుల్ల లోపలి ఖాళీలోకీ ఒకేలా దిగి గట్టిపడింది. ఇప్పుడు నత్తా దాని చుట్టూ ఉన్న రాయీ ఒకే గట్టిదనం. గుల్ల గీత దగ్గర దెబ్బ ఆగాలని ఏమీ లేదు. చెకుముకి రాయి గాజు సీసా పగిలినట్టే పగులుతుంది, దెబ్బ తగిలిన చోటి నుంచి వంకరగా, చిప్ప ఆకారంలో ఊడుతుంది. ఆ వంపు ఎటు పోతుందో ముందుగా చెప్పలేం. కాబట్టి మన చేతిలో ఉన్నది ఒక్కటే. ఆ వంపు నత్తను చేరలేనంత దూరంగా కొట్టాలి.

కొట్టేముందు చూడాలి. రాయిని నీళ్ళతో తడిపి, బ్రష్‌తో మట్టి తీసి, ఆరుతుండగా చూడండి. తడి రాతి మీద గుల్ల గీత తేలుతుంది. మీకు కనిపించేది నత్త మొత్తం కాదు, రాయి ముఖం దాన్ని ఎక్కడ కోసిందో ఆ కోత మాత్రమే. గుండ్రంగా కనిపిస్తే నత్తను అడ్డంగా కోసిన చోటు, మిగతా భాగం లోపలికి నిలువుగా దిగి ఉంటుంది. పొడుగ్గా, ఒక వైపు సన్నబడుతూ కనిపిస్తే నత్త రాతి ముఖానికి సమానంగా పడుకుని ఉంది. నెలవంకలా సన్నగా కనిపిస్తే అంచు మాత్రమే బయటికి వచ్చింది, దాదాపు అంతా లోపలే. ఫైసా బొటనవేలి అంత, కొన్నిసార్లు ఇంకా పెద్దగా ఉంటుంది. ఆ కొలత మనసులో పెట్టుకుని, లోపల ఎంత మేర దిగి ఉండొచ్చో రాయి పైన పెన్సిల్‌తో గీసుకోండి. ఈ గీత గీయకుండా నాతో వచ్చినవాళ్ళెవరినీ సుత్తె ముట్టనివ్వను. ఆలస్యం అనిపిస్తుంది గానీ దీనికి పట్టేది కాసేపే.

రాయి విడిగా ఉండి చేత్తో ఎత్తగలిగినంత ఉంటే అసలు కొట్టొద్దు. అట్లాగే ఇంటికి తెచ్చుకోండి. బరువు మోయలేక అక్కడే సగం చేద్దామనుకున్నవాళ్ళే ఎక్కువ పాడుచేస్తారు. మోయలేనంత ఉంటే మీరు గీసిన గీతకు అన్ని వైపులా బెత్తెడు దూరం వదిలి కొట్టాలి. రెండు వేళ్ళ దూరం చాలదు. బెత్తెడు అంటే బెత్తెడే.

ఉలి మొన ఎప్పుడూ నత్తకు అవతలి వైపు చూడాలి. చేతి పట్టు నత్త వైపు, మొన బయటి అంచు వైపు. పెచ్చు బయటికి ఊడాలి గదా, దెబ్బ బలం కూడా బయటికే పోవాలి. ఒకే చోట గట్టిగా ఒక దెబ్బ వేయడం కన్నా గీత వెంట చిన్న చిన్న దెబ్బలు వేస్తూ రాయి చుట్టూ తిరిగి రావడం మేలు. ఒక చుట్టు అయ్యాక రెండో చుట్టు. సుత్తె శబ్దం వినండి. రాయి గట్టిగా ఉన్నంతసేపూ ఖంగుమంటుంది. లోపల నెర్రె పడితే బొంగురుగా మారుతుంది. బొంగురు వినిపించగానే ఆపేయాలి. నెర్రె ఎటు పోయిందో నీళ్ళు పోసి చూడాలి. నీళ్ళు పీల్చుకున్న చోట సన్నటి గీత కాసేపు తడిగా మిగులుతుంది, అదే నెర్రె. అది నత్త వైపు పోతుంటే ఇక అటు నుంచి కొట్టొద్దు, ఎదురు వైపు నుంచి మొదలుపెట్టాలి.

రాయి కింద గట్టి నేల ఉండకూడదు. బండ మీద పెట్టి కొడితే పై నుంచి ఒక దెబ్బ, కింది నుంచి తిరిగి ఇంకో దెబ్బ తగిలినట్టే. గోనె సంచిలో ఇసుకో మెత్తటి మట్టో నింపి దాని మీద పెట్టండి. పొరలోనే పాతుకుని ఉన్న రాయి అయితే చుట్టూ మట్టి తీసి, కింద కూడా సగం వరకు తొలిచి, ఆ తర్వాతే కదపాలి. ఇక్కడే గడ్డపార పెట్టి పైకి లేపుతారు. మన వైపు లావా కింది పొరల్లో నెర్రెలు ఎక్కువ. గడ్డపార తోసిన బలం ఆ నెర్రెల్లోకి పోతుంది, రాయి మూడు ముక్కలవుతుంది, మధ్య ముక్కలో నత్త ఉంటుంది. చేతులతో అటూ ఇటూ కదిపినా వదులవ్వకపోతే ఇంకా తొలవాల్సి ఉందని అర్థం.

ముందే నెర్రెలు పడి ఉన్న రాయి అయితే కట్టు కట్టి తీయాలి. తడిపిన టిష్యూ పేపరు రాతి మీద రెండు మూడు పొరలు అద్దండి. దాని మీద మెడికల్ షాపులో దొరికే ప్లాస్టర్ పట్టీ తడిపి చుట్టండి. టిష్యూ లేకుండా నేరుగా ప్లాస్టర్ వేస్తే అది గుల్లకు పట్టి ఊడిరాదు. పట్టీ పూర్తిగా ఆరి గట్టిపడ్డాకే కింది భాగం వదులు చేసి తిరగేయాలి. డైనోసార్ ఎముకలను తీసేవాళ్ళు చేసేదీ ఇదే పని, వాళ్ళు పెద్దగా చేస్తారు అంతే.

ఇంత చేసినా పగిలితే? ప్రతి ముక్కా ఏరుకోండి, చిన్న పెచ్చు కూడా. ఏ ముక్క ఏ వైపుదో బాణం గుర్తు పెట్టి, ఫొటో తీసి, విడివిడిగా పేపర్లో చుట్టండి. అక్కడికక్కడే అంటించొద్దు. క్షణాల్లో పట్టే జిగురు సంచిలో పెట్టుకుని తిరిగేవాళ్ళను చూశాను. మట్టి మీద పడిన జిగురు మట్టినే అంటిస్తుంది, ముక్క సరిగ్గా కూర్చోదు, పైగా కొన్నేళ్ళకు పసుపుపచ్చగా మారి పెళుసవుతుంది, తీయబోతే గుల్ల పొర కూడా వస్తుంది. ఇంటికి తెచ్చి, కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాత అంటించాలి. మ్యూజియంలలో వాడేది పారలాయిడ్ బి-72. గింజల్లా వస్తుంది, అసిటోన్‌లో కరిగించి వాడతారు. తప్పు కూర్చుంటే మళ్ళీ అసిటోన్ రాసి విడదీయొచ్చు. ఆ ఒక్క కారణం చాలు దాన్నే వాడటానికి. పొయ్యి దగ్గర మాత్రం వాడొద్దు, అసిటోన్ భగ్గున మండుతుంది.

చెకుముకి రాతిలోంచి నత్తను పూర్తిగా బయటికి తీయాలని పట్టుబట్టొద్దు. సగం బయటపడి సగం రాతిలో ఉన్న నత్తే నిజమైన నత్త. అది ఏ రాతిలో ఉందో, పక్కన ఏమున్నాయో, ఏ వైపు పడుకుని ఉందో అన్నీ కనిపిస్తాయి. కరెంటు మిషన్లతో చెక్కి, పాలిష్ పెట్టి, టేబుల్ మీద పెట్టుకునే వస్తువుగా మార్చేవాళ్ళ పద్ధతి నాకు నచ్చదు. మిషన్ సూది అదిరితే గుల్ల మీది సన్నటి పెరుగుదల గీతలు పోతాయి. ఆ గీతలు పోయాక అది ఏ జాతో చెప్పడం కష్టం.

సుద్దమట్టిలో అయితే

ఇక్కడ పని తేలిక, ఓపిక కావాలి అంతే. గుల్ల సున్నపుదే, చాలా మెత్తగా ఉంటుంది. మట్టి గడ్డను గడ్డగానే తెచ్చుకోండి. పెద్ద నత్త కనిపిస్తే దబ్బనంతో చుట్టూ మట్టి తీయండి, గుల్ల తాకకముందే ఆగండి. మిగిలిన పొర మెత్తటి బ్రష్‌తో పోతుంది.

యాసిడ్ వద్దు. బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌లో ముంచితే మట్టి పోయి నత్త తళతళా మిగులుతుందని ఎవరో చెప్పారని చాలామంది చేస్తున్నారు. గుల్ల సున్నమైతే మట్టికన్నా ముందు గుల్లే బుసబుసా పొంగి కరిగిపోతుంది. సున్నపురాతిలో గుల్ల సిలికాగా మారి ఉన్నప్పుడు మాత్రమే యాసిడ్ పనికొస్తుంది. ఆ పరీక్ష ఇంట్లో చేయాల్సింది కాదు.

నత్త తీశాక మిగిలిన మట్టిని పారబోయొద్దు. దాన్ని రెండు మూడు రోజులు గట్టి ఎండలో పూర్తిగా ఆరబెట్టి, ఆ తర్వాత బకెట్ నీళ్ళలో వేయండి. బాగా ఎండిన బంకమట్టి నీళ్ళు తగలగానే తనంతట తనే విచ్చుకుంటుంది. సగం తడి ఉన్నప్పుడు వేస్తే విచ్చుకోదు, చేత్తో పిసకాల్సి వస్తుంది, పిసికితే లోపలివి చితుకుతాయి. కొందరు కిరోసిన్‌లో నానబెడతారు. పని త్వరగా అవుతుంది గానీ ఇంటి నిండా వాసన, నీళ్ళు పారబోసిన చోట నేల పాడవుతుంది. ఎండ పెట్టి ఆగితే చాలు, మన దగ్గర ఎండకేం కొదవ? నానిన మట్టిని అర మిల్లీమీటరు జాలీ ఉన్న జల్లెడలో, నీళ్ళ తొట్టిలో ముంచి నెమ్మదిగా ఊపండి. పై నుంచి కుళాయి నీళ్ళు వదలొద్దు, ఆ ధార దెబ్బకు చిన్న గుల్లలు పొడి అయిపోతాయి. మిగిలినది ఆరబెట్టి భూతద్దంతో చూడండి. వాల్వాటాలు, కారా గింజలు, ఆస్ట్రకాడ్‌లు అనే, రెండు చిప్పలున్న చిన్న నీటి జీవులు ఉంటాయి.

ఇంత చిన్నవాటి కోసం ఇంత శ్రమ ఎందుకు అంటారు. పరిగి దగ్గర నస్కల్‌లోని ఇట్లాంటి పొరలో మట్టిని కడిగి జల్లిస్తేనే ఒక చిన్న క్షీరదం పళ్ళు దొరికాయి. ఒక్కో పన్ను మిల్లీమీటరో రెండో ఉంటుంది. జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో దానికి డెక్కనోలెస్టిస్ హిస్లోపీ అని పేరు పెట్టారు. భారతదేశంలో క్రెటేషియస్ కాలపు క్షీరదం దొరకడం అదే మొదటిసారి. ఆ మట్టిని నత్తలు ఏరుకుని పారబోసి ఉంటే డైనోసార్ల కాలంలో ఇక్కడ ఎలుకంత జంతువు తిరిగిందని మనకు తెలిసేదే కాదు. నస్కల్‌లో ఆ శాస్త్రజ్ఞులు పనిచేసిన చోటికి మాత్రం సంచీ పట్టుకుని పోవొద్దు. అది చదువుకునే చోటు, ఏరుకునే చోటు కాదు.

చీటీ

పేపర్లో చుట్టేముందే చీటీ రాయాలి. ఇంటికెళ్ళి రాద్దామనుకుంటే ఏ రాయి ఏ చేనుదో కలిసిపోతుంది. ఊరు, చేను గుర్తు, ఫోన్‌లో చూపే అక్షాంశ రేఖాంశాలు, ఏ పొరలో దొరికింది, పొర మందం, దాని పైన ఏ రాయి కింద ఏ రాయి, తేదీ, మీ పేరు రాయండి. కదిలిన రాళ్ళ కుప్పలో దొరికితే పొరలో దొరికిందని రాయొద్దు, కుప్పలో దొరికింది అనే రాయాలి. పెన్సిల్‌తోనే రాయాలి. పెన్ను సిరా తడి రాయి తగిలితే కారిపోతుంది, కొన్నేళ్ళకు వెలిసిపోతుంది. పెన్సిల్ గీత అట్లాగే ఉంటుంది. ఒక చీటీ రాయితోపాటు లోపల, ఇంకోటి పేపరు చుట్ట పైన.

ఇంటికి వచ్చాక రాయి మీద నత్తకు దూరంగా ఒక మూల తెల్ల పెయింటు చుక్క పెట్టి, ఆరాక నంబరు వేసి, అదే నంబరుతో నోట్‌బుక్‌లో వివరాలన్నీ ఎక్కించండి. చీటీ లేని నత్త ఎంత అందంగా ఉన్నా శాస్త్రానికి పనికిరాదు.

దాచడానికి కోడిగుడ్ల అట్ట ట్రేలు బాగుంటాయి, చిన్నవాటికి అగ్గిపెట్టెలు. దూది వాడొద్దు, పోగులు గుల్ల మొనలకు చిక్కుకుని తీసేటప్పుడు విరుగుతాయి. సుద్దమట్టి గుల్లలను చెమ్మ తగలని అరలో పెట్టండి. వానాకాలంలో ఒకసారి తీసి చూడండి, తెల్లటి బూజు పొడి కనిపిస్తే పొడి బ్రష్‌తో దులిపి, గాలి ఆడే చోటికి మార్చండి.

ముట్టుకోకూడనివి

నత్తల మధ్యలో ఎముక గానీ పన్ను గానీ గుడ్డు పెంకు గానీ కనిపిస్తే పని అక్కడితో ఆపేయాలి. ఎముక గోధుమ రంగులోనో నల్లగానో ఉండి, విరిగిన అంచున భూతద్దంతో చూస్తే సన్నటి రంధ్రాలు కనిపిస్తాయి. దాన్ని బయటికి లాగొద్దు, కడగొద్దు, మీద జిగురు పోయొద్దు. కొలత తెలిసేలా పక్కన పెన్సిల్ పెట్టి దగ్గరి ఫొటో ఒకటి, చుట్టుపక్కల తెలిసేలా దూరపు ఫొటో ఒకటి తీసి, స్థలం గుర్తించి, మట్టితో మళ్ళీ కప్పేయండి. హైదరాబాద్ బండ్లగూడలో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్షిణ ప్రాంత కార్యాలయం ఉంది, ఉస్మానియా యూనివర్సిటీలో జియాలజీ విభాగం ఉంది. ఫొటోలు, స్థలం వివరాలు వాళ్ళకు పంపండి. చేను యజమానికి కూడా విషయం చెప్పండి, ఆ గుంటను దున్నకుండా వాళ్ళు వచ్చేదాకా వదిలేయమని అడగండి.